కాపు లేని యేఁటి యొడంబడిక

చైత్రము ముగియవచ్చినదన్న మా నూజివీటి సీమలో ఆఁడువారికి తీఱిక యుండదు. ఆవాలు ఎండవలెను, కారము దంపవలెను, జాడీలు కడిగి ఎండలో బోరలింపవలెను. కాయలు తరుగు కత్తిపీట యొక్కటి నాలుగిండ్లు తిరుగుచుండును. ఇట్టి సందడినడుమ తగవులు తీర్చుకొను విధమును గూర్చి వ్రాయఁబూనితిమేమని కొందఱు ఆశ్చర్యపడవచ్చును. కాని మా యింట పదునొకండేండ్లు సాగిన తగవొకటి యీ యావకాయతోడనే ముడివడియున్నది. అది తుదకు తీఱిన విధముకంటె, అన్నియేండ్లు తీఱకపోయిన విధమే మాకు ఎక్కువ నేర్పినది. ఆ నేర్చినదానిని మీ యెదుట పెట్టుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మా మామగారును వారి యన్నగారును ఒక్క తోఁటను పంచుకొనిన యన్నదమ్ములు. చిన్నరసముల వరుసలు ఒకరికి, బంగినపల్లి చెట్లు మఱియొకరికి వచ్చినవి. నడుమ గట్టు వేసిరి. సరిగా ఆ గట్టుమీఁదనే, వారి తాతగారినాఁడు టెంకనుండి మొలచిన నాటుమామిడి యొకటి కలదు. తోఁట యంతయు పూఁతనాఁడే గుత్తకు పోయినను ఆ చెట్టును మాత్రము గుత్తదారునకు ఒప్పగింపరు, అది యింటిచెట్టు. కాయ పుల్లనిది, టెంక గట్టిది, ఆవకాయకు దానికి సాటి లేదు. ముగ్గిన పిమ్మట పీచు గలదే యైనను రసము తేనెవంటిది. పంపకమునాఁడు పెద్దలు, 'ఈ చెట్టు ఫలము చెఱిసగము' అని నోటిమాటగా చెప్పి లేచిపోయిరి.

నేలను త్రాడుతో కొలిచి పంచవచ్చును. చెట్టును పంచుటకు త్రాడు లేదు. పైఁగా మామిడి స్వభావము మీ రెఱిఁగినదే. ఒకయేఁడు విరగఁగాచినది మఱుసటియేఁడు ఆకులే చూపును. పూఁత నిండుగా వచ్చినను తేనెమంచు పురుగు పట్టెనా, పిందె నిలువదు. విరగఁగాచిన యేండ్లలో రెండిండ్లకును గంపలు చేరినవి. లెక్క యెవరును అడుగలేదు. ఒకయేఁడు కాపు తప్పినది. చెట్టున నూఱుకాయలైనను లేవు. పెదమామగారి యింట, కాయ ముదిరినదని కోయించి యావకాయ పెట్టికొనిరి. మా యింట పండునకై కాచియుండిరి. మా మామగారు తోఁటకు పోయి చూచునప్పటికి చెట్టు బోసిగా నుండెను. ఆ దినము మొదలు రెండిండ్లనడుమ మాటలు నిలిచిపోయెను. మేము కాపురమునకు వచ్చునాఁటికి ఆ మౌనమునకు ఆఱేండ్లు. ఒకే ప్రహరికి అటునిటు నున్న యిండ్లలో ఒకరి శుభకార్యమునాఁడు మఱియొకరు తలుపులు మూసికొని కూర్చుండుట మేము కన్నులార చూచితిమి.

ఎవరును ప్రయత్నింపలేదా యందురేమో. మూఁడుమాఱులు ప్రయత్నించిరి.

మొదటిమాఱు ఊరిపెద్దలు రచ్చబండకడ కూర్చుండిరి. వారు వేసిన ప్రశ్న, 'తప్పెవరిది?' అనునది. ఆ ప్రశ్న వేసినప్పుడే సంధి చెడినది. నలుగురిలో తప్పొప్పుకొనినవాఁడు మఱల తల యెత్తికొని తిరుగుట యెట్లు? కావున ఇరువురును సాక్ష్యములు వెదకికొనిరి. కాయలతో మొదలైన మాట బావినీటి వంతునకు పోయెను. అచ్చటినుండి యెన్నఁడో జరిగిన పెండ్లిలో బట్టలు పెట్టలేదను మాటకు పోయెను. ప్రొద్దు క్రుంకువేళకు మామిడికాయల మాట ఎవరికిని జ్ఞాపకము లేదు.

రెండవమాఱు దగ్గఱి బంధువొకరు ఇటునటు తిరిగిరి. వారి మనసు మంచిదే. కాని మాట ఒక గడపనుండి మఱియొక గడపకు పోవునప్పుడు దాని స్వరము త్రోవలోనే జాఱిపోవును. అక్షరములు మాత్రమే చేరును. 'అన్నగారు ఒక్కమాట పలుకరించిన చాలును, చెట్టంతయు వారికే విడిచెదను' అని మా మామగారు కంటఁ దడిపెట్టి యనిరి. అది యావలికి చేరునప్పటికి, 'తమరు వచ్చి పలుకరించిననే గాని విడువఁడట' అని మాఱిపోయెను.

మూఁడవమాఱు కొందఱు చదువుకొనినవారు పూనుకొని స్టాంపు కాగితముమీఁద వ్రాయించిరి. 'ఫలము చెఱిసగము' అని అందు వ్రాసి యిరువురిచేతను సంతకములు చేయించిరి. రెండేండ్లు కాపు బాగుగా నుండెను. కాగితమునకు పనియే లేకపోయెను. మూఁడవయేఁడు కాపు తప్పెను. చెఱిసగమనిన కాయలోనా, పండులోనా? కోయుట యెప్పుడు? లెక్కించువా రెవరు? గాలికి రాలిన పిందెలు ఎవరి లెక్క? కాగితము ఒక్కదానికిని బదులు చెప్పలేదు. ఇరువురును అదే కాగితమును చూపి, 'మాట తప్పితివి' అని యొకరినొకరు నిందించుకొనిరి. కాగితము లేనినాఁడు తగవు కాయలను గూర్చి. కాగితము వచ్చిన పిమ్మట నమ్మకమును గూర్చి. రెండవది మొదటిదానికంటె మిక్కిలి చేదు.

చిన్ననాఁట మా తండ్రిగారు తిక్కన సోమయాజి యుద్యోగపర్వమును మాచే చదివించిరి. అప్పుడు రాయబారముల సొంపే గాని వాని లోఁతు మాకు తెలియలేదు. ఆ మౌనపు టేండ్లలో మఱల చదువఁగా రెండు సంగతులు మనసునకు తట్టినవి. ద్రుపదుని పురోహితుఁడు పోయెను, సంజయుఁడు వచ్చెను, తుదకు శ్రీకృష్ణుఁడే పోయెను. అర్ధరాజ్య మడిగిన ధర్మరాజు అయిదూళ్లైనను చాలుననెను. అడుగునది తగ్గినకొలఁది సంధి సులభము కావలెను గదా, కాలేదు. ఏలయన దుర్యోధనుఁడు లెక్కించినది ఊళ్లను గాదు. ఒక్కటి యిచ్చినను ఓడినట్లే యని యాతని లెక్క. ఇటు ద్రౌపది తన కేశపాశమును శ్రీకృష్ణునకు చూపి జరిగిన పరాభవమును మఱువవలదని కోరినది. ఒకరి గుండెలో ఓటమి భయము, ఒకరి గుండెలో అవమానపు మంట. సభలోని మాటలు మాత్రము ఊళ్ల లెక్కను గూర్చి. మా రచ్చబండకడ జరిగినదియు నిదియే.

రెండవ సంగతి గాంధారీదేవిది. ఆమెను సభకు రావించినది ఎప్పుడు? దుర్యోధనుఁడు అలిగి సభ విడిచిపోయిన పిమ్మట. అప్పుడామె యెంత చక్కని నీతి చెప్పినను ఏమి ప్రయోజనము? ఇల్లాలి తెలివిని చివరిమందువలె దాఁచి, రోగము ముదిరిన పిమ్మట తెచ్చుట నాఁటినుండియు మన వాడుక.

న్యాయస్థానములు లేవా యని మీరడుగవచ్చును. మా నూజివీటి చరిత్రలోనే దానికి బదులు కలదు. 19వ శతాబ్దపు తుదిభాగమున ఇచ్చటి జమీందారీ యన్నదమ్ములనడుమ, జమీను జ్యేష్ఠునకే చెందవలసినదా, పంచుకొనఁదగినదా యను వ్యాజ్యము పుట్టినది. అది సముద్రములు దాఁటి లండనులోని ప్రివీ కౌన్సిలు వఱకు పోయినది. పంచుకొనఁదగినదే యని తీర్పు వచ్చినది. ఉయ్యూరు, మీర్జాపురము మొదలగు సంస్థానములు ఆ వంశపు శాఖలే. న్యాయస్థానము ఎవరి పాలు ఎంతయో నిర్ణయింపఁగలదు. పండుగనాఁడు ఒకరి గడప నొకరు త్రొక్కునట్లు తీర్పు వ్రాయలేదు. ఆ భాగము మనకే విడువఁబడియున్నది.

ఇంటితగవును, జమీను తగవును మించినది యేటితగవు. మా మెట్టసీమవారికి అదియు ఇంటిమాటయే. నాగార్జునసాగరము ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము సీమలను తడిపి తుదకు మావైపు వచ్చును. చివరి పొలమువారికి పంపకపు మాటలు వినోదము కావు. పైన తలుపు దిగిన క్రింద కాలువ యెండును.

కృష్ణానది నీటికై 1951 జూలైలో రాష్ట్రములు కూడి యొక యొప్పందము వ్రాసికొనినవి. మైసూరు దానిని ఆమోదింపలేదు. కూర్చుండినవారిలో ఒకరు ఒప్పుకొనని సంధి ఎట్టిదో చెప్పనక్కఱలేదు. 1969లో న్యాయమూర్తి బచావతు అధ్యక్షతను న్యాయాధికరణము ఏర్పడినది. 1973లో తీర్పు వచ్చినది; 1976లో తుదిరూపమున ప్రకటింపఁబడినది. నూఱేండ్లలో డెబ్బదియైదేండ్లు నమ్మదగినంతగా పాఱు నీరు 2060 టి.ఎం.సి.లని వారు లెక్క కట్టిరి. ఒక టి.ఎం.సి. యనిన నూఱుకోట్ల ఘనపుటడుగులు. అందు మహారాష్ట్రకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 అని పంచిరి. పొలములనుండి మఱల నదిని చేరు నీరుకూడ కలిపి మన పాలు పిమ్మట 811 అయినది. ఎంతో శ్రమించి చేసిన పంపకమిది. అయినను ఇల్లు నడపు స్త్రీకి ఒక ప్రశ్న వెంటనే తోఁచును: తక్కిన యిరువదియైదేండ్ల మాటేమి?

ఆ ప్రశ్న న్యాయాధికరణమునకు తోఁచకపోలేదు. మిగులును కొఱఁతయు నిష్పత్తినిబట్టి మూఁడు రాష్ట్రములును పంచుకొనునట్లు, దానిని చూచుటకు కృష్ణాలోయకు ఒక సంస్థ యుండునట్లు 'బి' పథకమను పేర వేఱొక యేర్పాటు సిద్ధపఱచిరి. అందుకు రాష్ట్రముల సమ్మతి కుదురలేదు. అమలునకు వచ్చినది 'ఎ' పథకమే. వానలు కురిసిన యేండ్లలో ఈ లోపము కనఁబడలేదు. వానలు తప్పినప్పుడెల్ల పైవారు తమ పాలు నిలుపుకొనిరను మాట, క్రిందివారికి చేరలేదను మాట పుట్టుచునే యున్నవి. 2004లో రెండవ న్యాయాధికరణము వేయవలసివచ్చినది.

2014లో తెలుగువారి రాష్ట్రము రెండైనది. ఆ 811లో ఆంధ్రప్రదేశమునకు 512, తెలంగాణమునకు 299 అని 2015లో తాత్కాలికముగా అనుకొనిరి. తెలంగాణము తరువాత చెఱిసగము కావలెననెను. 2023లో కృష్ణాసీమలో వానలు తగ్గినవి. ఆ నవంబరు 30వ తేది తెల్లవాఱకముందే ఆంధ్రప్రదేశ పోలీసులు నాగార్జునసాగరము ఆనకట్టమీఁదికి పోయి, 26 తలుపులలో 13 తమ స్వాధీనము చేసికొని కుడికాలువకు నీరు విడిపించిరి. అటు తెలంగాణ పోలీసులు, ఇటు ఆంధ్ర పోలీసులు. ఇరువురు మాటలాడునదియు ఒకే తెలుగు. తుదకు కేంద్ర బలగములు వచ్చి ఆనకట్టకు కాపలా నిలువవలసివచ్చినది. ఆ వార్త చదివి మా మామగారు పత్రికను మడిచి ప్రక్కన పెట్టి, 'మన గట్టుమీఁది చెట్టే' అనిరి.

నీటి పంపకములన్నియు ఇట్లే ముగియునని మా యభిప్రాయము గాదు. అదే కృష్ణ విషయమున తెలుగుగంగ కథ కొంత ఊఱట కలిగించును. చెన్నపట్టణపు దాహము తీర్చుటకై 1976లో మూఁడు రాష్ట్రములు తలకు అయిదేసి టి.ఎం.సి.లు, వెరసి పదునైదు, ఇచ్చుటకు ఒప్పుకొనినవి. 1983లో ఆంధ్రప్రదేశము, తమిళనాడు విడిగా ఒప్పందము చేసికొనినవి. 1996లో నీరు తమిళసీమ పొలిమేర చేరినది. దాని నిబంధనలో మాకు మిక్కిలి నచ్చిన ముక్క యొకటి కలదు. పదునైదు బయలుదేఱినను పొలిమేరకు చేరవలసినది పండ్రెండే. తక్కిన మూఁడు త్రోవలో ఆవిరియై, ఇంకిపోవునని ముందే లెక్క వ్రాసికొనిరి. నష్టమును ముందుగా లెక్కలో వేసికొనిన సంధి యిది. ఆ పండ్రెండును నిండుగా చేరని యేండ్లు పెక్కు కలవు. అయినను నడుమ తరుగును పట్టుకొని 'మోసము' అను మాట పుట్టుటకు సందు తక్కువ.

1937 నవంబరు 16వ తేదిని చెన్నపట్టణమున, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు గృహమున, కోస్తా రాయలసీమ నాయకులు చేసికొనిన యొడంబడికయు ఇట్టి భేదమునే చూపును. రాజధాని, హైకోర్టు అను రెండును వేర్వేఱు సీమలలో ఉండవలెనని అందున్నది. ఇది కంటికి కనఁబడు మాట. 1953లో కర్నూలు రాజధాని యగుటయు, 1954లో గుంటూరున హైకోర్టు వెలయుటయు జరిగినవి. నదీజలములలో రాయలసీమకు మొదటి స్థానమనియు అందున్నది. ఎంత నీరు, ఏ యేఁటికి, లేనినాఁడు ఎట్లు అను కొలత దానికి లేకపోయినది. ఆ మాటను గూర్చిన మనోవేదన రాయలసీమవారి నోట ఇప్పటికిని వినవచ్చుచున్నది. కొలత గల మాట నిలిచినది, కొలత లేని మాట గాయమై మిగిలినది.

ఇఁక మా యింటికి వత్తము. తగవు పుట్టిన తొమ్మిదవయేఁట పెదమామగారు కాలము చేసిరి. మా మామగారు ఆ వాకిటికి పోయిరి. తొమ్మిదేండ్ల తరువాత ఆ గడప త్రొక్కుట అదియే. ఎవరును వారింపలేదు, ఎవరును పిలువనులేదు. అన్నగారి పాదములకడ కూర్చుండి వారేమనిరో మాకు తెలియదు. వినవలసినవారికి వినఁబడలేదని మాత్రము తెలియును. తగవులు కాలక్రమమున తామే చల్లాఱునని చెప్పువారికి మేము ఈ సంగతి జ్ఞాపకము చేయుదుము. కాలము తగవును చల్లార్చుటకు ముందే మనుష్యులను తీసికొనిపోవచ్చును.

మఱి రెండేండ్లకు, జాడీలు ఎండఁబెట్టు దినములలో, మా యత్తగారు ఎవరితోను ఆలోచింపక ప్రహరి దాఁటి తోడికోడలి యింటికి పోయిరి. తోడుగా మమ్ము తీసికొనిపోయిరి. తప్పెవరిదను మాట తలపెట్టలేదు. 'అక్కయ్యా! నీకు కాయలెన్ని కావలయును? దేనికి?' అని మాత్రము అడిగిరి.

పెద్దత్తగారు కొంతసే పూరకుండి, 'ముగ్గురాఁడపిల్లలకు తలకొక జాడీ పంపవలె నమ్మా. ఆ చెట్టు కాయ కాకున్న మా యల్లుండ్రు గుర్తుపట్టుదురు. పండ్లు మా యింట తినువారేరీ?' అనిరి.

మా యింట కావలసినది పండు. ఆ చెట్టు పండు లేనిదే మా మామగారికి వేసవి వేసవి గాదు. పదునొకండేండ్లు రచ్చబండకడగాని, రాయబారమునగాని, కాగితముమీఁదగాని ఈ ప్రశ్న యెవరును వేయలేదు. 'ఎంత' అని అడిగిరే గాని 'ఎందుకు' అని అడిగినవారు లేరు. కాయ కావలసినవారును పండు కావలసినవారును ఒక్క చెట్టుక్రింద ఏల పోరాడవలయును?

అయినను మా యత్తగారు అంతటితో లేవలేదు. 'విరగఁగాచిన యేఁడు సరే. కాపు తప్పిన యేఁడో?' అనిరి. ఆ మధ్యాహ్నమంతయు ఆ యొక్క మాటకే పట్టినది. నూఱుకాయలకు తక్కువైన దానిని కాపు తప్పిన యేఁడుగా ఎంచవలెననిరి. అట్టి యేఁడు చెట్టంతయు ఒక యింటిది. మరల తప్పిన యేఁడు రెండవ యింటిది. వంతు లేని యింటికి ఆవకాయయో పండ్లో రుచికి చేరవలెను. మంచి కాపు నాఁడు నిర్ణయించిన దినమున రెండిండ్లవారి యెదుటనే కోయవలెను. ఒకరు రెండు కుప్పలు పెట్టవలెను, రెండవవారు ఏరుకొనవలెను. కుప్పలు పెట్టు చేయి వేఱు, ఏరుకొను చేయి వేఱు అయినప్పుడు కుప్పలు తమంతట సమమగును. ఉగాదినాఁడు ఇరువురును చెట్టుక్రిందకు పోయి పూఁత పిందె చూచి యా యేఁటి మాట అనుకొనవలెను. ఇదంతయు మేమే బడి నోటుపుస్తకమున వ్రాసితిమి.

పోయినయేఁడు కాపు తప్పినది. లెక్కింపఁగా అఱువదికాయలు. వంతు పెద్దత్తగారిది. మా మామగారు ఆ దినమంతయు ముభావముగా నుండిరి. సాయంకాలము పెద్దత్తగారి మనుమఁడు గిన్నెతో ఆవకాయ తెచ్చెను. 'ఉప్పు కొంచెము మించినది' అని మా యత్తగారు అనిరి. గిన్నెను మాత్రము ఉత్తదిగా పంపలేదు.

సోదరీమణులారా! మన యిండ్లలో పంపకములు ఇప్పుడు అన్నదమ్ముల సంగతి మాత్రమే కావు. పిత్రార్జితమున కుమార్తెలకు సమభాగము కల్పించు సవరణ ఆంధ్రప్రదేశమున 1986లో వచ్చినది. 2005లో దేశమంతటికిని వచ్చినది. కావున ఆ చాపమీఁద మన చోటు దయాధర్మము గాదు. 1987 నాఁటి న్యాయసేవల చట్టమునుబట్టి ఆదాయముతో నిమిత్తము లేకయే స్త్రీలకు ఉచిత న్యాయసహాయము లభించును. లోక్ అదాలతులో రాజీపడిన దానికి న్యాయస్థానపు తీర్పుతో సమానమైన బలము కలదు. దానిపై అప్పీలు లేదు. అప్పీలు లేనిచోట సంతకమునకు ముందే కన్ను తెఱచియుండవలెను.

సంతకము చేయఁబోవు మీవారినిగాని, మిమ్ములనుగాని మూఁడు ప్రశ్నలు అడుగుకొనుఁడు. ఇది వారికి దేనికి కావలయును, మాకు దేనికి కావలయును? దీనిని కొలుచువారెవరు, ఏ నాఁడు? కాపు లేని యేఁడు వచ్చిన ఏమి చేయుదుము? మొదటి రెంటికి బదులు దొరకినను మూఁడవదానికి దొరకువఱకు చాప విడిచి లేవకుఁడు. ఆ ప్రశ్న వేయుటకు గాంధారివలె పిలుపు వచ్చునాఁటివఱకు ఆగనక్కఱలేదు. ప్రహరి దాఁటి పోవచ్చును.